మబ్బు వీపు

పదకొండు గంటలకని ఆహ్వానపత్రం మీద బంగారు రంగులో అచ్చేశారు గానీ, పదకొండున్నర కావస్తున్నా వేదిక మీద మనిషన్నవాడు లేడు. ఎర్ర మఖమలు తెర ఒకటి గోడంతా కప్పి వేలాడుతోంది. దాని ముందు నాలుగు పెద్ద కుర్చీలు, నాలుగు నీళ్ళ సీసాలు, ఒక మైకు. కరకంబాడి రోడ్డులో కొత్తగా లేచిన ఈ హోటల్లో ఏసీ ఎంత గట్టిగా పెట్టారంటే, ఆగస్టు నెల తిరుపతిలో దుప్పటి కప్పుకోవాలనిపిస్తోంది. మొదటి వరుసలో, తెల్లగుడ్డ తొడిగిన కుర్చీలో, పరంధామయ్య రెండు చేతులూ తొడల మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురుచూడడం అతనికి తెలియని సంగతి కాదు, కాకపోతే ఇన్నేళ్ళూ ఎదురుచూసింది అవతలివాళ్ళు. గోవిందరాజస్వామి గుడి వెనక సందులో ముప్ఫై రెండేళ్ళుగా లాడ్జి నడుపుతున్న మనిషి, రూము కాళీ కావాల, అర్ధగంట కూసోండి సామీ అని ఎన్ని వేలమందికి చెప్పి ఉంటాడో. వాళ్ళు పెట్టెల మీద తలలు వాల్చుకుని, గుండ్ల మీద గంధం ఆరిపోయి, పిల్లలు రాగం తీస్తుంటే, ఇతను మాత్రం కౌంటర్ వెనక కాళ్ళు చాపుకుని పేపరు చదువుకునేవాడు. అర్ధగంట ఎంత పొడుగుంటుందో ఇప్పుడు తెలుస్తోంది. పక్కన భారతమ్మ కొంగు భుజాల నిండా కప్పుకుని, తలెత్తి, నేరుగా తెరవైపే చూస్తోంది. ఆకుపచ్చ పట్టుచీర మీద ఇటుకరాయి రంగు రవిక వేసుకుంది. బయలుదేరేటప్పుడు, అది వేరే చీరది గదా అన్నాడు. ఇదే బాగుంటాది, ఇప్పుడంతా ఇట్లనే ఏస్తా ఉండారు అంది. వేస్తున్నారేమో, ఆడవాళ్ళ బట్టల సంగతి అతనికేం తెలుసు.

తలుపు దగ్గర పల్లవి ఎదురొచ్చి చెరొక గులాబీ ఇచ్చింది. బ్యాంకులో కార్డుల పని చూసే పిల్ల. "ఆంటీ, ఆ ఎర్ర తెర తీస్తారు సూడండి, ఎనకాల ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఫ్లెక్సు. పైన విమానం, కింద అంతా మబ్బులే. మీకోసమే ఏపించినట్టుండాది" అని భారతమ్మ చెవిలో చెప్పి పరిగెత్తింది. భారతమ్మ నవ్వింది. పోయిన కార్తీకంలో ఈ పిల్లే చేతిలో ఫారాలు పట్టుకుని లాడ్జికి వచ్చింది, చెమటలు కక్కుతూ, మంచినీళ్ళు అడుగుతూ. విహంగ ప్లాటినం అని కొత్త కార్డు తెస్తున్నారంట, ఇది అందరికీ ఇచ్చే రకం కాదంట, కార్డు చేతికొచ్చినరోజే మొగుడూ పెళ్ళాలిద్దరికీ విమానం టిక్కెట్లు ఉత్తినే, దేశంలో యాడికన్నా సరే, పోనూ రానూ. ఆ తర్వాత వాడేకొద్దీ పాయింట్లు, పాయింట్లకు మళ్ళీ విమానాలు. పరంధామయ్య నవ్వాడు. దేశమంతా మా ఊరికి వస్తా ఉంటే మేం యాడికి పోతామమ్మా అన్నాడు. నిజమే గదా. లాడ్జికి పండగ లేదు, ఆదివారం లేదు, తలుపుకు తాళం వేసిన రోజు లేదు. ఇద్దరూ కలిసి దూరం పోయింది ఒక్క మద్రాసు, అదీ పిల్లలు పుట్టలేదని డాక్టరమ్మకు చూపించుకోవడానికి. పోయినరోజే తిరిగొచ్చారు. అప్పుడే వెనక గదిలోనుంచి భారతమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది, విమానమెక్కితే మబ్బులు కిందుంటాయంటనే, నిజమేనా పాపా అని అడిగింది. అవునంటారాంటీ, నేనూ ఎక్కలా అంది పల్లవి. ఎక్కడ సంతకం పెట్టాలో సూపించు అన్నాడు పరంధామయ్య, అంతే, ఆ మాట తన నోట్లోనుంచే వచ్చిందా అని అతనికే ఆశ్చర్యం.

ఎందుకంటే ఆ మబ్బుల గోల అతనికి పెళ్ళైన కొత్తలోనే తెలుసు. పుంగనూరు అవతల మెట్టపల్లె భారతమ్మది. వాళ్ళ నాయన చిన్నబ్బ చేను గట్టు మీద నిలబడి, చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని, జూన్ నుంచి దీపావళి దాకా ఆకాశానికేసి చూస్తూనే ఉండేవాడంట. మబ్బు వచ్చేది, నల్లగా, నిండుగా, వేరుశెనగ చేను మీద నీడ పరిచి, ఒక్క చుక్క రాల్చకుండా కర్ణాటకకు పోయేది. దాన్ని తిట్టీ తిట్టీ చిన్నబ్బకు గొంతు పోయింది. కింద నిలబడి దాని కడుపు సూసీ సూసీ యాష్టకొచ్చిందయ్యా, దాని వీపెట్లుంటాదో ఒక్కసారి సూడాల, ఆ వీపు మీద అంత నీళ్ళు పెట్టుకోని ఎట్ట పోతాదో సూడాల అనేది భారతమ్మ. పిచ్చిదానా అనేవాడు. చీరడగలేదు, నగ అడగలేదు, తిరుపతిలో అందరూ అడిగే దర్శనం కూడా అడగలేదు. ముప్ఫై ఏళ్ళలో అడిగింది ఇదొక్కటే, అదీ అడిగినట్టు కాదు, మేడమీద బట్టలారేస్తూ ఊరికే అనుకున్నట్టు. రేణిగుంటనుంచి లేచిన విమానం మధ్యాహ్నంపూట లాడ్జి మీదుగా పోతుంది. తడి పంచెలు, తువ్వాళ్ళ మధ్య నిలబడి, అది కనుమరుగయ్యేదాకా తలెత్తి చూసేది. పోయిన నెల కూడా చూసింది. అతను మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. విమానం పడమటికి వెళ్ళిపోయింది, ఆమె మాత్రం తూర్పుకే చూస్తూ నిలబడింది. కొండలకు తగిలి చప్పుడు అటునుంచి వినబడి ఉంటుంది, ఎవరికైనా అట్లా అవుతుంది, అనుకున్నాడు. అనుకుని కిందికి దిగి వచ్చేశాడు.

డాక్టరు చెప్పింది కూడా ఆ కార్తీకంలోనే, సంతకం పెట్టిన పదో రోజున. భారతమ్మ కళ్ళకు నీటికాసులు. నొప్పి లేకుండా, చెప్పకుండా చూపును అంచులనుంచి కొరుక్కుంటూ వచ్చే జబ్బు. కుడికన్ను అప్పటికే పోయిందని, అది పోయిన సంగతి ఆమెకే సరిగా తెలీదని, ఎడమది ఆరు నెలలు ఉండొచ్చు, ఏడాది ఉండొచ్చు, చుక్కల మందు మానొద్దని, పోయిన చూపు మటుకు తిరిగి రాదని. బయటికొచ్చి ఆసుపత్రి ముందు టీ తాగుతూ పరంధామయ్య వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టాడు. మాఘంలో కార్డు వస్తుందన్నారు, అంటే మూడు నెలలు, ఇంకా మూడు నెలలు మిగులుతాయి, ఫరవాలేదు. ఇప్పుడు ఈ చలిలో కూర్చుని ఆ ఫరవాలేదును తలుచుకుంటే చెంపమీద కొట్టుకోవాలనిపిస్తోంది. ఎవడు ఆపాడు నిన్ను? రేణిగుంటలో విమానం రోజూ లేస్తూనే ఉంది గదా. హైదరాబాదు దాకా రెండు టిక్కెట్లు కొనలేని బతుకా నీది? కొనగలడు. టీ గ్లాసు పట్టుకుని ఆ మాట కూడా అనుకున్నాడు. అనుకుని, ఉత్తగా వచ్చేదానికి ఎవడన్నా డబ్బు పోస్తాడా అని కూడా అనుకున్నాడు. సీజను ఎప్పుడు, అన్‌సీజను ఎప్పుడు, ఏ గది ఏ రోజు ఎంతకు పోతుందో చూసీ చూసీ బుద్ధి అట్లా అరిగిపోయింది. నాలుగు రోజులాగితే చవకగా వచ్చేదాన్ని ఈరోజే తీసుకునేవాడు అతని కళ్ళకు తెలివితక్కువవాడు. భారతమ్మ పక్కనే బెంచీ మీద కూర్చుని, పోదామా, అన్నానికి టైమైపోతాది అంది.

సరే, మూడు నెలలు ఆగుదామనుకోవడం ఒక తప్పు. మరి మాఘంలో చేసింది? మాఘంలో అంతా సిద్ధమైంది. బొంబాయినుంచి బ్యాంకు పెద్దాయన రావడం, కొండెక్కి స్వామి దర్శనం చేసుకోవడం, కిందికి దిగొచ్చి ఈ జిల్లాకు మొదటి కార్డు పరంధామయ్య దంపతుల చేతిలో పెట్టడం. ఆ లాంచ్ అయితేగానీ ఇక్కడ ఎవరికీ కార్డులివ్వరంట. పదిరోజులుందనగా పెద్దాయన తండ్రి పోయాడు. ఇక్కడి బ్యాంకు మేనేజరు ఆదిమూలం లాడ్జికి పరిగెత్తుకుంటూ వచ్చాడు, చిత్తూరువాడే, మంచివాడు, పెద్దవాళ్ళ మాట వినే రకం. "పరంధామయ్యన్నా, కర్మంతరాలు అయిపోతాయి గదా, కొండెక్కకుండా కిందనే చేసుకోనిపోతే ఏమన్నా తప్పా? నువ్వు సరేనంటే బొంబాయికి చెప్పేస్తా" అన్నాడు. నువ్వు సరేనంటే. ఆ ఒక్క ముక్కకు పరంధామయ్య ఎట్లా పొంగిపోయాడో, ఇప్పటికీ గుర్తుంది, కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "ఏటి సూతకమప్పా అది. తండ్రి పోయినోడు ఏడాది తిరగందే కొండెక్కకూడదు. ఈ ఊర్లో కాలుపెట్టి ఆయన మొగం సూడకుండా మంచిపని మొదలుపెడతాడా? ఏడుకొండలవాడితో ఆటలా? కార్డు కాదు గదా, బ్యాంకే మునిగిపోతాది" అన్నాడు. అని ఊరుకున్నాడా, గంటసేపు ఉపన్యాసం దంచాడు, సూతకం పట్టించుకోకుండా కొండెక్కి ఎవరెవరు ఏమయ్యారో పేర్లతో సహా చెప్పాడు, అందులో సగం అప్పటికప్పుడు పుట్టించినవే. ఆదిమూలం భయపడి చెంపలేసుకున్నాడు. బొంబాయికి ఫోనులో అదే చెప్పాడు. అక్కడి పెద్దాయన కూడా భయపడ్డాడు. చివరికి వాళ్ళ పురోహితుడెవరో సంవత్సరీకాలు ముందుకు జరుపుకోవచ్చని దారి చూపితే ఆరో నెలలో జరిపించారు, జరిపించేసరికి ఆషాఢం వచ్చింది, ఆషాఢంలో ఎవరు మొదలుపెడతారు, అట్లా అట్లా శ్రావణ శుక్రవారానికి వచ్చి పడింది. ఆరోజు కౌంటర్ పక్కన భారతమ్మ తాళాలు సర్దుతోంది. అంతా వింది. ఫరవాలేదు రానీ అని నువ్వంటే సరిపోయేది గదయ్యా అని ఈరోజుకూ అనలేదు. అనుంటే బాగుండేది, తిట్టి ఉంటే ఇంకా బాగుండేది. మాఘంలో ఆమె ఎడమ కంటితో ఊళ్ళ పేర్లన్నీ చదివేది.

లాడ్జి రిజిస్టరులో ఊళ్ళ పేర్లు. వచ్చినోళ్ళ పేరు, ఊరు, ఎందరు, ఇక్కడినుంచి పోయే చోటు. మధ్యాహ్నం రద్దీ తగ్గాక ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఊళ్ళు చదవడం ఆమెకు అలవాటు, ఇంగ్లీషులో ఉన్నవాటిని గుమాస్తా నారాయణతో పక్కన తెలుగులో రాయించుకునేది. ఇది యాడుంటాదయ్యా, ఇక్కడ మబ్బులు ఇంట్లోకే వస్తాయంట, పన్నెండో నంబరులో దిగినాయన చెప్పినాడు అనేది. ఇద్దరూ కలిసి ఊళ్ళు ఏరేవాళ్ళు, ఈ టిక్కెట్లకు ఎక్కడికి పోదామని. తొమ్మిది నెలల్లో ఎన్ని ఊళ్ళు ఏరారు, ఎన్ని మార్చారు. చివరికి ఏ ఊరైతేనేమయ్యా, నాకు పైన మధ్యలో ఉండేదే గదా కావాల్సింది, దిగినా దిగకపోయినా ఒకటే అంది. పోయిన వారం రిజిస్టరు ముందేసుకుని జామ్‌నగర్, నలుగురు అని చదివింది. తర్వాత అతను పుస్తకం తీస్తే ఆ పేజీలో జామ్‌నగర్ లేదు, నగరి, సేలం, వేలూరు ఉన్నాయి. పేజీ గాలికి తిరిగి ఉంటుంది. ఫ్యాను పెద్దదిగా పెట్టి ఉంది ఆరోజు. తాళాలు ఇచ్చేటప్పుడు ఇత్తడి బిళ్ళ మీద అంకెను బొటనవేలితో తడుముతుంది, అది చేతివాటం. మెట్లెక్కేటప్పుడు పెదాలు కదులుతుంటాయి, గోవిందనామాలు. బియ్యంలో రాళ్ళు ఏరుతూ గోడకేసి చూస్తుంటుంది, ఏదో ఆలోచన. ప్రతిదానికీ అతని దగ్గర ఒక సమాధానం ఉంది, ఒక్కొక్కటిగా చూస్తే అన్నీ మంచి సమాధానాలే. చుక్కలు మానలేదు గదా. డాక్టరు ఏడాది అని కూడా అన్నాడు గదా. ఏడాదికి ఇంకా మూడు నెలలుంది. మొన్న ట్రావెల్స్ ఆఫీసుకు పోయి, ఎడమ కన్ను కిటికీ వైపు పడాలంటే ఏ పక్క సీటు తీసుకోవాలని అడిగాడు. వాడు వింతగా చూసి, ఎడమపక్కే, రెక్క అడ్డం రాకుండా ముందు వరుసల్లో అడగండి అన్నాడు. ఆ మాట చీటీ మీద రాసుకున్నాడు. ఇప్పుడు చొక్కా జేబులో ఉంది, ఎడమ పక్క, కిటికీ, రెక్కకు ముందు. మళ్ళీ తాకి చూసుకున్నాడు.

ట్రే పట్టుకుని ఒకాయన ముందుకొచ్చి వంగాడు, ద్రాక్షరసం. భారతమ్మ కదల్లేదు. అమ్మా అన్నాడు ట్రే పట్టుకున్నాయన. ఆమె చెయ్యి చాపింది, ఆ చెయ్యి గ్లాసుకు జానెడు ఇవతల ఆగింది, ఆగి, వద్దులే నాయనా, చలిగా ఉండాది అని వెనక్కి వచ్చింది. పరంధామయ్య ఒక గ్లాసు తీసి ఆమె వేళ్ళ మధ్య పెట్టాడు. చల్లగా ఉన్నాయి వేళ్ళు. అడుగుదామా? ఇప్పుడే అడిగేస్తే? భారతీ, ఎన్ని కుర్చీలుండాయి సెప్పు వేదిక మీద. ఒక్క ప్రశ్న, ఒక్క అంకె. నాలుగు అంటుంది, అంటే చాలు, ఈ తొమ్మిది నెలల దిగులూ దిగిపోతుంది. గొంతు దాకా వచ్చింది ప్రశ్న. నాలుగనకపోతే? అడగందాకా మూడు నెలలు మిగిలే ఉన్నాయి. అతనికి భయం వేసింది, డాక్టరు దగ్గర వేసినదానికంటే ఎక్కువ వేసింది, అరవైరెండేళ్ళ మనిషి ఏసీలో చెమట తుడుచుకున్నాడు. వెనక వరుసల్లో జనం నిండారు, బట్టల షాపువాళ్ళు, డాక్టర్లు, హోటళ్ళవాళ్ళు, అందరూ అటూ ఇటూ పలకరించుకుంటూ, చేతిగడియారాలు చూసుకుంటూ. వీళ్ళలో ఎవరికైనా ఈ కార్డు ఇంత కావాలా అనుకున్నాడు. ఎవరికీ అక్కర్లేదు. అక్కరున్న మనిషి గ్లాసు ఒళ్ళో పెట్టుకుని, తాగకుండా, నేరుగా చూస్తూ కూర్చుంది.

ఒక్కసారిగా చప్పట్లు. వెనక తలుపులు తెరుచుకున్నాయి, ఆదిమూలం దారి చూపిస్తుంటే పెద్దాయన వస్తున్నాడు, నున్నటి కొత్త గుండు, నుదుట నామం, చేతిలో ప్రసాదం సంచి. అందరూ వెనక్కి తిరిగి చప్పట్లు కొడుతున్నారు. పరంధామయ్య కూడా తిరిగి చూశాడు. భారతమ్మ తిరగలేదు. వేదికవైపే చూస్తూ, గులాబీ పట్టుకున్న చెయ్యి గుండెకు చేర్చుకుంది.

"అబ్బ! ఎంత బాగుండాయయ్యా" అంది.

"ఏంది?"

"మబ్బులు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా. పైన విమానం గూడా బాగా ఏసినారు. వీపు తెల్లగానే ఉండాది సూడు, నేనేమో నల్లగుంటాదేమో అనుకొంటి."

ఎర్ర తెర అట్లాగే ఉంది. ఏసీ గాలికి కింది అంచు ఒక్కటే కదులుతోంది. పరంధామయ్య ఆ తెరను చూశాడు, ఆమె ముఖాన్ని చూశాడు, ఆ ముఖం నిండా సంతోషం, అతని కోసం జాగ్రత్తగా కూర్చిపెట్టుకున్న సంతోషం. రవిక, రిజిస్టరు, తూర్పుకు తిరిగిన తల, ఆగిపోయిన చెయ్యి, అన్నీ ఒక్కసారే వచ్చి మీద పడ్డాయి, అతని సమాధానాల్లో ఒక్కటీ నిలబడలేదు. ఎప్పటినుంచి? ఉగాదికే పోయిందా? టిక్కెట్లకు ఊళ్ళు మారుస్తూ నవ్విందే, అప్పటికే చీకటా? నేను ఆదిమూలంతో అన్న మాట నన్ను తినేస్తుందని, నేను ఏడుస్తానని, ఇన్నాళ్ళూ నాకోసం నీకు చూపు ఉన్నట్టు నటించిపెట్టావా నువ్వు? ఏడుపు వచ్చింది, గట్టిగా, నోరు తెరిచి ఏడవాలనిపించింది, మొదటి వరుసలో కూర్చుని ఏడిస్తే ఎట్లా.

"ఔ. తెల్లగానే ఉండాది" అన్నాడు.

పెద్దాయన దీపం వెలిగించాడు, ప్రార్థన పాడారు, ఆదిమూలం ఏదేదో మాట్లాడాడు, తిరుపతి పెద్దలు పరంధామయ్యగారి సలహా మేరకే అన్నీ శాస్త్రప్రకారం జరిపించామని కూడా అన్నాడు, అప్పుడూ చప్పట్లు కొట్టారు. తర్వాత ఎవరో తాడు లాగారు. తెర రెండుగా విడిపోయి పక్కలకు జరిగింది. గోడంతా విమానం, దాని కింద మబ్బులు. సాయంత్రంపూట తీసిన ఫోటో కాబోలు, ఒక్కటీ తెల్లగా లేదు, అన్నీ కుంకుమ రంగు, అక్కడక్కడా బూడిద రంగు, అలలు అలలుగా, అంతు లేకుండా. అంత అందమైనదాన్ని అతను పుట్టి చూడలేదు. హాలంతా దద్దరిల్లేటట్టు చప్పట్లు మోగాయి. మైకులో పల్లవి గొంతు, మొదటి విహంగ ప్లాటినం కార్డు అందుకోవడానికి అని ఇంగ్లీషులో ఇద్దరి పేర్లూ పిలిచింది.

"మల్లా ఎందుకు కొడతా ఉండారు?" అంది భారతమ్మ.

"మనల్నే పిలస్తా ఉండారు. లెయ్" అన్నాడు. ఆమె చెయ్యి పట్టుకుని లేపాడు, వేదికదాకా నడిపించాడు, ఆగాడు. "మూడు మెట్లుండాయి, భారతీ" అన్నాడు.

ఆమె చెయ్యి అతని చేతిలో బిగుసుకుంది. అతనివైపు తిరిగింది, కొంచెం పక్కకు, భుజం ఉండేచోటికి. తర్వాత, ఇంక దాచాల్సిన పని లేనట్టు, ఒకటి అని పైకే లెక్కపెడుతూ కాలెత్తింది.